నసరమ్మ డబ్బా

నేను ఒక స్టీలు డబ్బాను. మూడు కిలోల బియ్యం పడతాయి. ఖరగ్‌పూర్ బజారులో నన్ను కొన్న రోజునే దుకాణంవాడు నా పొట్ట మీద టకటకా చుక్కలు కొట్టి పేరు వేశాడు. వేయమన్నది 'నరసమ్మ' అని. బెంగాలీవాడు, తెలుగు రాదు, కాగితం చూసి వేశాడు. 'నసరమ్మ' అయింది. మనుషులైతే కోర్టుకెళ్ళయినా పేరు మార్చుకుంటారు. డబ్బాలకు ఆ సదుపాయం లేదు.

నరసమ్మ, పైడమ్మ అక్కడి రైల్వే క్వార్టర్లలో పక్కపక్క ఇళ్ళవాళ్ళు. పైడమ్మ భర్త రిటైరై వాళ్ళు విశాఖపట్నం వచ్చేస్తుంటే, నరసమ్మ నా నిండా పులిహోర పెట్టి రైల్లో అందించింది. తరవాత నరసమ్మ కూతురి పెళ్ళికి వెళ్ళిన పైడమ్మ, తనను మొదటి బంతిలో కూర్చోబెట్టలేదని అలిగి వచ్చేసింది. ఆ అలక పదకొండేళ్ళు నడిచింది. పెళ్ళికూతురి పిల్లలు బడికి కూడా వెళ్తున్నారు, ఈవిడ మాత్రం ఇంకా బంతి దగ్గరే ఉంది. నేను పైడమ్మ వంటింట్లో కందిపప్పు మోస్తూ కూర్చున్నాను.

ఈ ఏడు, అరవై ఎనిమిదో ఏట, "తప్పు నాదే" అని ఆమె తనకు తానే అనుకుంది. నా నిండా జీడిపప్పు పోసి ఒంటరిగా కలకత్తా విమానం ఎక్కింది. చాలా చేతులు చూశాను గానీ, ఎక్కిన అలక తనంతట తనే దిగిన మనిషిని చూడలేదు. నాకెంత గర్వమేసిందో!

ఖరగ్‌పూర్‌లో నరసమ్మ "వచ్చినావా, కూకో" అంది. అయిదు రోజులు కమ్మగా వండి పెట్టింది. పైడమ్మ "ఆ రోజు నాను..." అని మొదలుపెడితే చాలు, "చారు చల్లారిపోతంది, తిను" అనేది. తిరుగు ప్రయాణం రోజున నన్ను గుడ్డలో మూటగట్టి పైడమ్మకే ఇచ్చేసింది. "ఇంటికెల్లేదాకా ఇప్పకు" అంది. పైడమ్మ ముఖం పాలిపోయింది. తన డబ్బా తనే వద్దందంటే, ఇక ఇచ్చిపుచ్చుకోవడాలు లేవనేనా? కలకత్తా విమానాశ్రయం దాకా నన్ను ఒళ్ళో పెట్టుకుని అదే దిగులు పడింది.

అక్కడ తనిఖీలో నన్ను పక్కకు తీశారు. డ్యూటీలో ఉన్న అమ్మాయి శ్రీకాకుళం పిల్ల. నా పొట్ట మీది పేరు చదివింది.

"నసరమ్మంటే మీరేనా?"

"కాదమ్మా. ఆ డబ్బా నాది కాదు."

"లోపలేటుంది?"

"నాకు తెల్దు. ఇప్పొద్దంది."

విమానాశ్రయంలో ఇంతకన్నా ప్రమాదకరమైన నిజాలు లేవు. ఇంకో ఇద్దరు వచ్చారు. తనది కాని సామాను లోపలికి పోనివ్వడం కుదరదన్నారు. విమానానికి ముప్పావు గంటే ఉంది. "అది లేకుండా నాను ఎక్కను" అని పైడమ్మ నన్ను రెండు చేతులా పట్టుకుంది.

ఆ పిల్లే నరసమ్మకు ఫోన్ కలిపి స్పీకర్ పెట్టింది. "అమ్మా, ఈ డబ్బా ఎవరిది? లోపలేటుంది?"

"బూరెలమ్మా. పెళ్ళిలో దాన్ని మొదటి బంతిలో కూకోబెట్టనేకపోనాను. అందుకే ఈసారి ఎవలకీ ఎట్టకుండా ముందు దానికే తీసినాను. డబ్బా నాదే. అది మోస్తన్న మనిసీ నాదే!"

పైడమ్మ ఏడ్చింది. మూత తీసి చూసి, ఆ పిల్ల నవ్వుతూ పంపేసింది. విమానం ఎక్కానని నేను గొప్పలు చెప్పుకోను. సీటు కింద, ఆమె కాళ్ళ దగ్గర కూర్చుని వచ్చాను.

ఇప్పుడు విశాఖలో కడిగి బోర్లించారు నన్ను. ఎవరి డబ్బానైనా ఖాళీగా తిరిగి ఇవ్వకూడదు కదా, పైడమ్మ మామిడితాండ్ర ఆరబెడుతోంది. అక్కడికి వెళ్తే నరసమ్మ ఉత్తినే ఉంచుకుంటుందా? మళ్ళీ ఏదో పెట్టి పంపుతుంది. ఈ ఇద్దరూ ఉన్నంతకాలం నాకొక ఇల్లంటూ ఉండదు. ఉండకపోతేనే బాగుండు.