ప్రళయకాలంలో కింది దవడ

కింది దవడకు పళ్ళ సెట్టు కుదర్చడం కన్నా దుష్కరమైన కార్యం ఈ భూమండలం మీద మరొకటి లేదు. సామ్రాజ్యాలను స్థాపించవచ్చు, సముద్రం మీద వంతెన వేయవచ్చు, ఆస్తి తగాదాల్లో ఉన్న అన్నదమ్ములను ఒకే బల్ల దగ్గర కూర్చోబెట్టి కాఫీ తాగించవచ్చు. కింది దవడ మాత్రం ఎవరి మాటా వినదు. పై సెట్టుకు అంగిలి అనే అండ ఉంది గనుక అంటుకుని పడి ఉంటుంది. కింది సెట్టుకు దక్కిందల్లా నాలుక అనే నిలకడలేని పొరుగు. అది మాటకొకసారి కదులుతుంది, కదిలినప్పుడల్లా సెట్టును పైకి తంతుంది.

ఈ తత్త్వాన్ని ఆమూలాగ్రం ఎరిగిన దంతశిల్పి ఒకాయన ఉండేవాడు. డాక్టర్లు పంపే ప్లాస్టర్ అచ్చులను ముందు పెట్టుకుని, గులాబీ రంగు మైనంలో ఒక్కొక్క పన్నే నిలబెట్టి, నగరంలో సగం మంది చిరునవ్వులకు ఆయనే కర్త అయ్యాడు. వీధిలో అందరూ పళ్ళాయన అనేవారు. ఆయనకు అదొక బిరుదు.

అంత జ్ఞానాన్ని ఇంట్లో ప్రదర్శించడమే పొరపాటయింది. ఆయన తన అత్తగారికి చేసిన కింది సెట్టు, ఆవిడ నోరు విప్పినప్పుడల్లా లేచి సన్నగా ఈల వేసేది. ఆ ఈలకు పక్క ఫ్లాట్లలోని పెంపుడు కుక్కలు వచ్చి గుమ్మం ముందు క్రమశిక్షణతో నిలబడేవి. దాన్ని సరిచేయమని భార్య అడిగింది.

“సెట్టులో ఏ లోపమూ లేదు. లోపం దవడలో ఉంది,” అన్నాడాయన.

“దవడ మా అమ్మది, సెట్టు మీది. రెండిట్లో ఏది మార్చడానికి వీలవుతుందో నిదానంగా ఆలోచించుకోండి,” అని ఆమె సంచీ సర్దుకుని, నగరం అవతలి కొసన ఉన్న తల్లి ఫ్లాటుకు వెళ్ళిపోయింది.

పళ్ళాయన ఒక పూట పౌరుషంగా ఉన్నాడు. రెండో పూట ఇల్లు మరీ పెద్దదిగా కనబడింది. ల్యాబుకు వెళ్ళి, ఎవరికీ చెప్పకుండా అత్తగారి దవడకు కొత్త సెట్టు మొదలుపెట్టాడు. అది పట్టుకుని వెళ్ళి, మాట తడబడకుండా, ఇంటికి రమ్మని భార్యను అడగాలని నిశ్చయం. తెల్లవారేసరికి సెట్టు అద్దంలా మెరిసింది. అదే సమయానికి లోకం అంతమయింది.

లోకం అంతం కావడానికి కారణం మర్యాద. యంత్రాలు మరీ మొరటుగా ఉంటున్నాయని ఫిర్యాదులు రావడంతో, ఒక పెద్ద కంపెనీవారు సమస్త యంత్రాలకూ ఒకేసారి మర్యాద నేర్పే అప్‌డేట్ పంపించారు. ఎదుటివారికి ముందు అవకాశం ఇవ్వాలన్నది అందులోని ఏకైక సూత్రం. ఎదుటివారికీ ఆ సూత్రమే నేర్పి ఉంటారని ఎవరికీ తోచలేదు. కూడళ్ళలో నాలుగు దిక్కుల వాహనాలూ ‘ముందు మీరు’ అని ఆగిపోయాయి. సిగ్నళ్ళు ఆకుపచ్చ దీపాన్ని ఒకదానికొకటి సమర్పించుకుంటూ అన్నీ ఎర్రగా మిగిలాయి. ఫోన్లు అవతలి ఫోను ముందు మోగాలని మౌనం పాటించాయి. నీళ్ళ మోటార్లు పక్క భవనం ట్యాంకు నిండాక చూద్దామనుకున్నాయి. యుద్ధానికి కాలు దువ్వుతున్న రెండు దేశాల క్షిపణులు కూడా ‘మీరు కానివ్వండి’ అంటూ నిలిచిపోయాయట. మొత్తం ప్రళయంలో వచ్చిన లాభం అదొక్కటే.

పళ్ళాయన ల్యాబుకు ఉన్నది కరెంటు షట్టరు.

“ముందు మీరు వెళ్ళండి సార్,” అంది షట్టరు.

“నువ్వు పైకి లేస్తేగా నేను వెళ్ళేది?”

“అయ్యో, మీకన్నా ముందు నేను లేవడమా! బాగుండదు సార్.”

ఈ సంభాషణ రెండు రోజులు నడిచింది. ఆయన బతిమాలాడు, గద్దించాడు, న్యాయశాస్త్రం మాట్లాడాడు. ఉన్న బిస్కెట్లు అయిపోయాయి. కొత్త సెట్టు జేబులో ఉంది. భార్య ఏం తింటోందో తెలియదు. పాత సెట్టుతో అత్తగారు జావ తప్ప ఏమీ తినలేరని మాత్రం తెలుసు. మూడో రోజు ఉదయం ఆయన సహనం తెగిపోయింది.

“ఒరేయ్ తమ్ముడూ! ఇన్నేళ్ళుగా ఒకే కప్పు కింద పడి ఉన్నాం. మనలో మనకి ఈ వేషాలేంట్రా? లెయ్!”

షట్టరు గడగడమంటూ లేచింది.

ఆ అప్‌డేట్ రాసినవాళ్ళూ ఎవరి ఇంట్లోనో పెరిగినవాళ్ళే గదా. మర్యాద పరాయివాళ్ళకే గాని ఇంటివాళ్ళకు వర్తించదని వాళ్ళకు తెలుసు. అందుకని చుట్టాలకు మినహాయింపు ఇచ్చారు. అయితే చుట్టరికం ఒంటరిగా రాదు.

“ఎక్కడికన్నయ్యా? ఏమన్నా తిన్నావా? ఎప్పుడొస్తావు? చెప్పి వెళ్ళొచ్చుగా!” అని షట్టరు వీధి మలుపు దాకా అరుస్తూనే ఉంది.

పెద్ద కూడలిలో వాహనాలు ఎక్కడివక్కడ బిగుసుకుపోయి ఉన్నాయి. డ్రైవరు లేకుండా తిరిగే సిటీ బస్సు ఒకటి తలుపు తెరుచుకుని నిలబడితే, దాని మెట్టు మీద ఒక పెద్దావిడ వాచిన పాదాలు చాపుకుని కూర్చుంది. పెళ్ళిసంబంధాలు కుదర్చడం ఆవిడ వృత్తి. అందరూ సంబంధాలమ్మ అంటారు. ఏ ఇద్దరిని చూపించినా మూడు మెట్లలో వాళ్ళకు చుట్టరికం తేల్చగల దిట్ట.

“ఎక్కడికి నాయనా, ఇలాంటి రోజుల్లో?”

“మా అత్తగారింటికండీ. మా ఆవిడ అక్కడుంది.”

“అలిగి వెళ్ళిందా, మామూలుగా వెళ్ళిందా?”

“మామూలుగానే.”

“అయితే అలిగే వెళ్ళింది. మామూలుగా వెళ్ళిన పెళ్ళాం కోసం ఎవడూ ఇంత దూరం నడవడు. కూర్చో, ఎలా బయటపడ్డావో చెప్పు.”

పళ్ళాయన షట్టరు వృత్తాంతం చెప్పాడు. సంబంధాలమ్మ పాదాల వాపు మరిచిపోయి లేచి నిలబడింది.

“చుట్టరికం పనిచేసిందీ! మరి చెప్పవేం! నీ కొట్లో మోటారు ఉంటుందా?”

“పళ్ళు పాలిష్ పట్టేది ఒకటుంది.”

“ఏ కంపెనీ?”

ఆయన చెప్పాడు. ఆవిడ వంగి బస్సు పక్కనున్న రేకు ముక్క మీది అక్షరాలు చదివింది. “ఇదీ అక్కడిదే. మరి ఆ మోటారు నీకేమవుతుంది?”

“ఏమవుతుందండీ, మోటారు అవుతుంది.”

“ఇంతకాలం నీకు తిండి పెట్టిందా, లేదా?”

“పెట్టింది.”

“తిండి పెట్టింది తల్లి కాక మరెవరు? ఆ తల్లికి తోడబుట్టిన చెల్లెలు ఇది. నసగకుండా పిలు.”

పళ్ళాయన అటూ ఇటూ చూశాడు. గొంతు సవరించుకున్నాడు. “పిన్నీ...”

బస్సు దీపాలన్నీ ఒక్కసారి వెలిగాయి. “ఎవరూ? అక్క కొడుకువా? ఇన్నాళ్ళకి గుర్తొచ్చానట్రా? ఎంత చిక్కిపోయావురా! ఎక్కు, ఎక్కు. ఆ పెద్దావిణ్ణి కూడా ఎక్కించు.”

ఆ విధంగా మానవజాతి పునరుద్ధరణ యాత్ర ప్రారంభమయింది. అది గంటకు ఒక వీధి వేగంతో సాగింది. ఎందుకంటే పిన్ని కనబడిన ప్రతి వాహనం దగ్గరా ఆగి, “మా అక్క కొడుకు. పళ్ళు కడతాడు,” అని పరిచయం చేసింది. పరిచయమైనవన్నీ చుట్టాలయ్యాయి. చుట్టాలయిన మరుక్షణం వాటికి మర్యాద వదిలిపోయింది. వ్యాన్లు కార్లను తోసుకుని ముందుకు దూరాయి. లారీలు పాత సంగతులు తవ్వాయి. రెండో కూడలిలో సిగ్నలు దగ్గర పిన్ని ససేమిరా కదలనంది.

“ఏమయింది పిన్నీ?”

“ఆ ఎర్రకళ్ళది నాకు ఆడపడుచు. దారి ఇమ్మని నేను అడగను. నా ప్రాణం పోయినా అడగను.”

“అడక్కులే వదినా,” అంది సిగ్నలు పైనుంచి. “పగలూ రాత్రీ నా ముందునుంచే వెళ్తావు. ఒక్కనాడు తలెత్తి పలకరించావా? ఎప్పుడు పచ్చబడుతుందా అని గుడ్లు మిటకరించడం తప్ప!”

“నువ్వేం తక్కువ తిన్నావా? కావాలని నేను వచ్చేసరికి ఎర్రబడేదానివి కాదూ?”

పళ్ళాయన తల పట్టుకున్నాడు. ఈ లోపల అక్కడ భార్య ఏ పరిస్థితిలో ఉందో! సంబంధాలమ్మ ఆయన భుజం తట్టి, చీర కొంగు నడుముకు దోపుకుని కిందికి దిగింది.

“నువ్వు వెళ్ళు నాయనా. వీళ్ళ సంగతి నేను చూసుకుంటాను. ఇది నాలుగు మాటల్లో తేలేది కాదు. పైగా ఇక్కడ పెళ్ళి కావలసిన వ్యాన్లు బోలెడున్నాయి.”

ఆవిడ సిగ్నలు స్తంభం మీద చెయ్యి వేసి ఏం చెప్పిందో గాని, అది ఒకసారి ముక్కు చీదినట్టు చప్పుడు చేసి పచ్చబడింది. వెనక కూడళ్ళ నుంచి హారన్లు, తిట్లు, దెప్పిపొడుపులు మిన్నంటాయి. నాగరికత మళ్ళీ ఊపిరి పీల్చుకుంటున్నదనడానికి అంతకన్న నిదర్శనం అక్కర్లేదు.

అత్తగారి భవనం ముందు ఆగాక పిన్ని తలుపు తియ్యలేదు.

“తిండి వేళకి దిగిపోతావట్రా? జనం ఏమనుకుంటారు?”

“పిన్నీ, మా ఆవిడ ఎలా ఉందో చూడాలి. నీకు పుణ్యముంటుంది.”

“ఆ డబ్బాలో గ్లూకోజు పొట్లం ఉంది. అది నోట్లో పోసుకుని దిగు. కోడల్ని తీసుకుని రా, నేనూ చూడాలి.”

సీటు పైనున్న ప్రథమ చికిత్స డబ్బాలోని పొట్లం చింపి, ఆయన పొడి నోట్లో పోసుకున్నాడు. బస్సు ఆయన మింగేదాకా చూసి, తలుపు తీసింది.

లోపల రెండు లిఫ్టులు ఎదురెదురుగా నిలబడి గౌరవాలు ఇచ్చిపుచ్చుకుంటున్నాయి. ఇంకొక చుట్టరికం కలుపుకునే ఓపిక లేక, పళ్ళాయన అయిదో అంతస్తుకు మెట్లెక్కాడు. అత్తగారి తలుపు మూసి ఉంది. పక్కన గోడకు, నల్లని కంటితో మాట్లాడే బెల్లు. ఆయన ఊపిరి సర్దుకుని, అనుభవశాలి గొంతుతో పిలిచాడు.

“తమ్ముడూ, తలుపు తియ్యి.”

“తమ్ముడూ లేదు, గిమ్ముడూ లేదు,” అంది బెల్లు. “లోపలున్న అమ్మాయి నిన్ననే నన్ను అన్నయ్యా అంది. కాబట్టి మీరు నాకు బావగారు. అలా నిలబడండి. కాస్త మాట్లాడాలి.”

“లోపల... ఇద్దరూ బాగానే ఉన్నారా?”

“మీ దయవల్ల కాదు గాని, బాగానే ఉన్నారు.”

పళ్ళాయన మెట్టు మీద కూలబడ్డాడు. మూడు రోజులుగా బిగబట్టుకున్న గుండె అప్పుడు వదులయింది. కళ్ళు తుడుచుకుంటే వేళ్ళకు గ్లూకోజు పొడి తగిలింది.

“లేవండి బావగారూ, విషయం అది కాదు. మా అమ్మ దవడ గురించి ఏదో అన్నారట.”

“మీ అమ్మా?”

“చెల్లెలికి అమ్మయితే నాకు కాదా? ఏమన్నారు?”

“ఏదో తొందర్లో అన్నాను.”

“ఆ తొందరేదో ఇప్పుడూ చూపించండి. లోపం ఎక్కడుంది?”

పళ్ళాయన లేచి నిలబడ్డాడు. ప్రళయాన్ని ఆయన నిబ్బరంగానే భరించాడు. ఈ వాక్యం అంతకన్న బరువుగా ఉంది. ఏ దంతశిల్పీ బతికుండగా పలకని మాట అది. పలికాడు.

“లోపం సెట్టులోనే ఉంది.”

లోపలి నుంచి భార్య గొంతు. “అన్నయ్యా, కొంచెం గట్టిగా అనమను. అమ్మకి వినపడలేదట.”

“లోపం సెట్టులోనే ఉందండీ అత్తగారూ!”

పై అంతస్తులో ఎవరో కిటికీ తెరిచారు. పక్క ఫ్లాటు కుక్క ఒకసారి మొరిగి, సంతృప్తిగా ఊరుకుంది. పళ్ళాయన జేబులోని కొత్త సెట్టును రుమాలులో చుట్టి, తలుపులో ఉత్తరాలు వేసే సందులోంచి లోపలికి జారవిడిచాడు. అడుగుల చప్పుడు, నీళ్ళ చప్పుడు, ఆపైన ఏ చప్పుడూ లేదు. ఆయన తలుపుకు చెవి ఆనించాడు.

“ఈ బుద్ధి మొదటే ఉండి ఉంటే లోకం ఇంతదాకా వచ్చేదా?” అన్నారు అత్తగారు లోపలి నుంచి. ఈల లేదు. ప్రతి అక్షరమూ అచ్చు గుద్దినట్టు వచ్చింది.

“ఏవండీ,” అంది భార్య. ఆమె గొంతు తలుపుకు చాలా దగ్గరగా వినిపించింది. “నడిచే వచ్చారా?”

“కొంత దూరం. మిగతాది మా పిన్ని దిగబెట్టింది. కింద ఉంది, నిన్ను చూడాలంటోంది. ఇంటికి వచ్చేయ్. నువ్వు లేకపోతే నాకేం బాగాలేదు.”

“మీకు పిన్ని ఎక్కడిది?”

“అదంతా చెబుతాను. బావా, ఇక తలుపు తియ్యవయ్యా!”

“నేనా? నేను బెల్లుని బావగారూ,” అంది బెల్లు, ఆ మాట ఇప్పుడే తోచినట్టు. “తలుపులతో నాకు పనేమిటి?”

“ఎంతసేపు అలా నిలబడతారు? తొయ్యండి,” అంది భార్య.

ఆయన తోశాడు. ఆ తలుపుకు ఉన్నది చేత్తో జరిపే మామూలు గడియ. అది కూడా సగమే వేసి ఉంది.