అయిదంగుళాలు

నేను ఒక ఖాళీని. చుట్టూ కాస్త ఇనుము ఉన్నమాట నిజమే గానీ, మనుషులకు కావలసింది ఆ ఇనుము కాదు, మధ్యలో ఉన్న పద్దెనిమిది అంగుళాల ఖాళీ. అందులోంచి బంతి జారితే చేతులెత్తి గెంతుతారు. జారకపోతే నన్ను తిడతారు. బాస్కెట్‌బాల్ రింగు అంటారు నన్ను. యాభై ఎనిమిదేళ్ళు ఒకే స్తంభానికి వేలాడాను. ఆ కాలంలో నాలోంచి ఎన్ని బంతులు పడ్డాయో లెక్క రాసుకున్నవాళ్ళు ఉన్నారు. నేను ఎంత ఎత్తున ఉన్నానో చూసుకున్నవాళ్ళు మాత్రం ఇద్దరే. ఇది ఆ ఇద్దరి కథ.

ఊరి పేరు చెప్పను. నెల్లూరు జిల్లాలో రైలింజన్ల షెడ్డు చుట్టూ పుట్టిన చిన్న కాలనీ అది. చెప్పబోయేది కాస్త సిగ్గుపడవలసిన సంగతి, ఆ కాలనీవాళ్ళు చాలామంది ఇంకా బతికే ఉన్నారు.

నన్ను చేసినవాడు సాల్మన్. షెడ్డులో ఫిట్టరు. 1961లో అతనికి ఇరవై మూడేళ్ళు. పక్కన పడేసిన ఇనుప కడ్డీ ఒకటి తెచ్చి, కొలిమిలో ఎర్రగా కాల్చి, పీపా చుట్టూ వంచి, కొసలు రెండూ అతికి నన్ను గుండ్రం చేశాడు. స్తంభం కూడా షెడ్డు సొత్తే. అరిగిపోయిన రైలు పట్టా ఒకటి. దాన్ని ఆరడుగుల లోతున పాతారు. ఇక ఏనుగొచ్చినా కదలదన్నారు, నిజంగానే కదల్లేదు. పాతేముందు సాల్మన్ ఒక పని చేశాడు. నేలమట్టం ఎక్కడికి వస్తుందో అక్కడ పట్టా మీద ఉలితో అడ్డంగా ఒక గాటు పెట్టాడు. ఆ గాటు నుంచి టేపు పట్టి సరిగ్గా పదడుగుల ఎత్తున నన్ను బిగించాడు. ఏ పనికైనా మొదలొక గుర్తు ఉండాలనేది అతని పట్టింపు. మైదానానికి అటు చివర నా జంటను కూడా అలాగే నిలబెట్టాడు.

పదిహేడేళ్ళు ఆడాడు సాల్మన్. అతని ఆట మూలల్లో ఉండేది. ఎడమ మూలన గీత తొక్కీ తొక్కకుండా నిలబడి, మోకాళ్ళు కొద్దిగా వంచి, బంతిని ఆకాశంలోకి వదిలేవాడు. అది ఎక్కడో పైకి పోయి, తీరిగ్గా దిగి, నా అంచు తగలకుండా లోపలికి జారేది. అప్పట్లో నాకు వల కూడా లేదు. బంతి పడిందా లేదా అని అవతలి జట్టువాళ్ళు అంపైరుతో పోట్లాడుతుంటే సాల్మన్ మాత్రం నన్ను చూసి నవ్వేవాడు. ఏటా వేసవిలో జరిగే టోర్నమెంటులోను, బయటి జట్లు వచ్చి ఆడిన పోటీల్లోను అతను మా మైదానంలో కొట్టిన పాయింట్లు మూడువేల రెండువందల పదహారు. దగ్గర నుంచి కొట్టినా దూరం నుంచి కొట్టినా రెండేసి పాయింట్ల కాలమది.

1978లో మోకాలు మొరాయించింది. మరుసటి ఏడు వైద్యానికని అతను మద్రాసు వెళ్ళి రెండు నెలలు అక్కడే ఉన్నాడు. కాలనీవాళ్ళకు సరిగ్గా అప్పుడే మైదానాన్ని బాగుచేయాలనే బుద్ధి పుట్టింది. పాత మట్టినేలను చదును చేసి, దానిమీదే అయిదంగుళాల కాంక్రీటు పోశారు. అద్దంలా వచ్చిందని అందరూ మురిసిపోయారు. నేల అయిదంగుళాలు పైకి వచ్చిందంటే నేను అయిదంగుళాలు కిందికి దిగినట్టేనని ఒక్కరికీ తట్టలేదు. తట్టినా ఆరడుగుల లోతున దిగిన పట్టాను ఎవరు పీకుతారు? సాల్మన్ పెట్టిన గాటు కాంక్రీటు కింద పడిపోయింది.

ఆ మరుసటి ఏడే పెంచలయ్య వచ్చాడు. పంతొమ్మిదేళ్ళ కుర్రాడు, గూడ్సు గార్డుగా కొత్తగా చేరాడు. అతనిది మూలల్లో నిలబడే ఆట కాదు. ముగ్గురిని భుజంతో తోసుకుని వచ్చి, నా కిందికి చేరి, నాకు వీపుగా ఉన్న చెక్కపలకకు బంతిని తాటించి లోపలికి వేసేవాడు. గీత దగ్గర నిలబెట్టి, ఎవరూ అడ్డుపడకుండా వేసే ఫ్రీ త్రో వేయమంటే కళ్ళు మూసుకుని వేస్తాడా అనిపించేది, అంత అలవాటు. ఆటలో మూడు పాయింట్ల గీత వచ్చాక దూరం నుంచీ నేర్చుకున్నాడు. బయటి జట్లు మా మైదానానికి వస్తే వాళ్ళ బంతులన్నీ నన్ను దాటి వెనక పలకకు కొట్టుకునేవి. "మీ ఊరి గాలి మాకు పడదబ్బా" అనుకుంటూ పోయేవాళ్ళు. గాలిదేం తప్పు, పాపం.

పెంచలయ్య బయటికి వెళ్తే మాత్రం పరిస్థితి తిరగబడేది. 1985లో సికింద్రాబాదులో రైల్వే జట్టుకు సెలక్షన్లు జరిగాయి. ఎంపికైతే దేశమంతా తిరిగి ఆడవచ్చు. అతని జీవితంలో అంతకన్నా పెద్ద కోరిక లేదు. వెళ్ళాడు, వేసిన ప్రతి బంతీ రింగు ముందు అంచుకు తగిలి వెనక్కి వచ్చింది. 1987లో మళ్ళీ పిలిచారు, మళ్ళీ అదే జరిగింది. ఇంట్లో పులి, బయట పిల్లి అని కాలనీలో పేరు పడింది. పెంచలయ్య ఆ మాటను నమ్మాడు. పదిమంది కొత్తవాళ్ళ ముందు తన చేతులు వణుకుతాయని, తనలోనే పిరికితనం ఉందని నమ్మాడు. మా మైదానానికి ఒంటరిగా వచ్చి వందేసి బంతులు వేసేవాడు. అన్నీ పడేవి. పడినకొద్దీ అతనికి తన మీద కోపం పెరిగేది. అబద్ధం చెప్పింది నేను. ఆ పిల్లవాడికి ప్రతిరోజూ చెప్పాను.

ఆ రెండు సెలక్షన్ల నడుమ, 1986లో ఒక ఆదివారం ఉదయం జరిగింది చెప్పాలి. మైదానంలో ఎవరూ లేరు. సాల్మన్ కుంటుకుంటూ వచ్చాడు. ఎనిమిదేళ్ళ తర్వాత బంతి పట్టాడు. ఫ్రీ త్రో గీత దగ్గర నిలబడి పది బంతులు వేశాడు. ఒక్కటీ పడలేదు, అన్నీ నన్ను దాటి వెనక పలకకు కొట్టుకున్నాయి. ఇంకొకరైతే వయసైపోయిందనుకుని ఇంటికి పోయేవాళ్ళు. సాల్మన్ ఫిట్టరు, తన చేతి మీద అతనికి నమ్మకం. షెడ్డుకు వెళ్ళి ఇనుప టేపు, ఒక ఎత్తు స్టూలు తెచ్చుకుని నన్ను కొలిచాడు. తొమ్మిది అడుగుల ఏడంగుళాలు. కిందికి దిగి, పట్టా మొదట్లో కాంక్రీటును వేలితో తడుముతూ తన గాటు కోసం వెతికాడు. చాలాసేపు అక్కడే కూర్చున్నాడు. తర్వాత టేపు చుట్టి జేబులో వేసుకుని వెళ్ళిపోయాడు.

ఎవరికైనా చెబుతాడని ఎదురుచూశాను. చెప్పలేదు. నాకు అతనంటే ఉన్న గౌరవం ఆ ఏడు సగమైంది.

1995లో పెంచలయ్య ఆట మానేసేనాటికి అతని పాయింట్లు మూడువేల నాలుగువందల రెండు. ఇక టీ బంకు దగ్గర పంచాయితీ మొదలైంది. సాల్మన్ మూలల నుంచి కొట్టినవన్నీ మూడేసి పాయింట్లుగా లెక్కగడితే ఎవరు గొప్ప అని ఒకరు. పెంచలయ్య రెండేళ్ళు తక్కువ ఆడాడు కదా, మరి దాని సంగతేమిటని ఇంకొకరు. సాల్మన్ కాలంలో అడ్డుకునేవాళ్ళే లేరని, పెంచలయ్య కాలంలో బంతి అందించేవాళ్ళు ఎక్కువని, ఇలా ఇరవై ఏళ్ళు తిప్పి తిప్పి వాదించారు. మనుషులకు ఇద్దరు మంచివాళ్ళు దొరికితే వాళ్ళను పక్కపక్కన ఊరికే ఉండనివ్వరు. ఇంత వాదించినవాళ్ళలో ఒక్కడైనా తలెత్తి నన్ను చూసి ఉంటే బాగుండేది.

2019లో కాలనీకి పైకప్పు ఉన్న కొత్త ఆటస్థలం వచ్చింది. అక్కడి రింగు వెనక పలక మీద, ఈ నేల మీద అందరికన్నా ఎక్కువ పాయింట్లు కొట్టినవాడి పేరు రాయాలని తీర్మానించారు. పాత లెక్కలు చూసి పెంచలయ్య పేరు ఖాయం చేశారు. క్లబ్బు కార్యదర్శి వరదరాజులు వచ్చి చెబితే పెంచలయ్య తల వంచుకుని కళ్ళు తుడుచుకున్నాడట. అతనికి యాభై ఎనిమిదేళ్ళు. పిల్లి అన్న మాట మోసుకుంటూ ముప్పై ఏళ్ళు గూడ్సు బండి చివరి పెట్టెలో ఒంటరిగా తిరిగిన మనిషి. తన పేరు పలక మీదికి ఎక్కితే ఆ మాట తుడిచిపెట్టుకుపోతుందని అతని ఆశ. పాత మైదానం పగలగొట్టేరోజు నన్ను ఇంటికి తీసుకుపోతానని అడిగి మరీ వచ్చాడు.

పనివాళ్ళు స్తంభం మొదట్లో కాంక్రీటు పెళ్ళగించారు. కింద పాత మట్టినేల బయటపడింది. పట్టా మీద అడ్డంగా ఉలిగాటు కనిపించింది. పెంచలయ్య వంగి చూశాడు. పని మొదట్లో అలా గాటు పెట్టుకునేది ఎవరో కాలనీలో అందరికీ తెలుసు. పగిలిన కాంక్రీటు అంచు నుంచి ఆ గాటుదాకా జాన పెట్టి చూశాడు. పనివాళ్ళ దగ్గర టేపు తీసుకున్నాడు. నిచ్చెన ఎక్కి నా నుంచి గాటుదాకా కొలిచాడు, పదడుగులు. నా నుంచి కాంక్రీటు పైదాకా కొలిచాడు. తొమ్మిది అడుగుల ఏడంగుళాలు. నిచ్చెన దిగి, ఆ పగిలిన ముక్కల మీదే కూలబడ్డాడు.

అతనికి పలక మీది పేరు అక్కడే పోయింది. అది నేను చూశాను. కానీ అతని ముఖంలో కనిపించినది ఆ బాధ కాదు. సికింద్రాబాదులో వేసిన బంతులు ఒక్కొక్కటిగా గుర్తుకొస్తున్నాయి అతనికి. "నా చేతులు మంచియే" అన్నాడు, ఎవరితోనో తెలియదు. మళ్ళీ అన్నాడు. నాకు ఏడుపు వచ్చే వీలుంటే అప్పుడు ఏడ్చేదాన్ని.

నన్ను విప్పించి భుజాన వేసుకుని నేరుగా సాల్మన్ ఇంటికి నడిచాడు. ఎనభై ఒక్కేళ్ళ సాల్మన్ వరండాలో మడత కుర్చీలో కూర్చుని ఉన్నాడు. పెంచలయ్య నన్ను అతని కాళ్ళ దగ్గర పెట్టాడు.

"అయిదంగుళాలు తక్కువన్నా" అన్నాడు.

సాల్మన్ నన్ను చూశాడు. అతుకు దగ్గర వేలితో నిమిరాడు. "తెలుసు అబ్బయ్యా" అన్నాడు మెల్లగా.

"ఎప్పుడ్నించి?"

"ఎనభై ఆరు నించి."

పెంచలయ్య వేళ్ళ మీద ఏదో లెక్క వేసుకున్నాడు. "మొదటిసారి సెలక్షన్లకు పోయినప్పుడు నీకు తెలీదు. రెండోసారి పోయేటప్పుడు తెలుసు. నేను బండెక్కే ముందు నీ కాళ్ళకు దండం పెట్టిపోయినా గదన్నా."

"పెట్టినావు."

"ఒక్క మాట చెప్పుంటే..."

"చెప్పాలనే వచ్చినా స్టేషనుకు." సాల్మన్ కుర్చీ చేతుల్ని గట్టిగా పట్టుకున్నాడు. "అప్పటికే ఊరంతా అంటా ఉండారు, వీడు నీ లెక్క దాటేస్తాడు సాల్మనా అని. నేను ఎత్తు తక్కువని అంటే, ముసలోడు తన రికార్డు కాపాడుకోడానికి కొలతలు తెస్తా ఉండాడంటారు. ఆ మాట పడలేననుకున్నా. అంతే. అంతకన్నా గొప్ప కారణమేం లేదు."

మంచివాడనిపించుకోవడానికి ఒక మనిషి ఎంత చెడు చేయగలడో నాకు ఆ వరండాలో తెలిసింది. చివరికి పెంచలయ్య లేచి, నన్ను మళ్ళీ భుజానికెత్తుకుని, చెప్పులు వేసుకుని వెళ్ళిపోయాడు. వస్తానని కూడా చెప్పలేదు.

నాలుగు రోజులు నేను అతని పెరట్లో గోడకు ఆనుకుని ఉన్నాను. పెంచలయ్య ఉదయం సాయంత్రం వచ్చి నన్ను చూసి పోయేవాడు. అయిదోరోజు వరదరాజులు దగ్గరికి తీసుకుపోయి జరిగినదంతా చెప్పాడు. సాల్మన్‌కు ముందే తెలుసన్న ముక్క ఒక్కటి మాత్రం చెప్పలేదు.

"అయితే సాల్మనన్న పేరు రాయిద్దామా పెంచలయ్యన్నా?" అని అడిగాడు వరదరాజులు దిక్కుతోచక.

"ఆయన పదడుగులకు ఆడినాడు, నేను తొమ్మిదీ ఏడుకు ఆడినా. రెండూ ఒక ఆట కాదయ్యా. ఎవురి పేరూ వద్దు. పేరు రాసేచోట ఎత్తు రాయించు. మళ్ళా ఎవురన్నా నేల పోస్తే కొలుచుకుంటారు."

అలాగే రాయించారు. పలక కింది భాగంలో 'ఎత్తు పదడుగులు' అని ఎర్రరంగులో ఉంటుంది. చూసినవాళ్ళు ఇదేం పేరని నవ్వుతారు. నన్ను అక్కడే పక్క గోడకు రెండు మేకుల మీద తగిలించారు. ఇప్పుడు నాలోంచి పడేది ఏమీ లేదు. గోడ సున్నం కనబడుతుంది, అంతే.

ప్రారంభోత్సవం రోజు జనం రాకముందే పెంచలయ్య వచ్చాడు. వెనకే వచ్చిన ఆటోలోంచి సాల్మన్‌ను చెయ్యి పట్టి దించి, లోపలికి నడిపించి, గీత పక్కన కుర్చీ వేసి కూర్చోబెట్టాడు. వాళ్ళ మధ్య ఏం మాట జరిగిందో నాకు తెలియదు. క్షమించాడో లేదో కూడా తెలియదు. ఎనభై ఒక్కేళ్ళ మనిషిని ఒక్కడినే వదిలేయలేకపోయాడనుకుంటాను.

పెంచలయ్య ఫ్రీ త్రో గీత దగ్గర నిలబడ్డాడు. బంతి వేశాడు. ముందు అంచుకు తగిలి వెనక్కి వచ్చింది. ఇంకొకటి వేశాడు. అదీ అంతే. సికింద్రాబాదులో జరిగిందే. అతని చేతులు నిజంగానే వణకడం మొదలుపెట్టాయి.

సాల్మన్ కుర్చీలోంచి ముందుకు వంగాడు. పెదవులు రెండుసార్లు కదిలాయి గానీ మాట రాలేదు. మూడోసారికి వచ్చింది.

"ఇంకాస్త పైకెయ్ అబ్బయ్యా. అయిదంగుళాలు పైకి."

ముప్పై రెండేళ్ళ కిందట స్టేషనులో చెప్పవలసిన మాట అది. పెంచలయ్య అతనివైపు తిరగలేదు. బంతిని రెండుసార్లు నేలకు కొట్టి, ఊపిరి పీల్చి, ఎప్పుడూ వేసేదానికన్నా కాస్త పైకి వదిలాడు. బంతి పైకి పోయింది, తీరిగ్గా దిగింది, ఆ కొత్త రింగు అంచు తగలకుండా లోపలికి జారింది.

ఫ్రీ త్రోకు ఒక్క పాయింటే. మూడువేల నాలుగువందల రెండు పాయింట్లు కొట్టిన మనిషి బంతి దొర్లి ఆగేదాకా చూసి, బయటికి వినబడేలా లెక్కపెట్టాడు.

"ఒకటి" అన్నాడు.