తేజేశ్వర్‌కి వచ్చిన రిఫండు

న్యూజెర్సీలోని పార్సిప్పనీలో తెలుగువాళ్ళు ఒకరి జీతం ఒకరు అడగరు. అది మర్యాద కాదని అందరికీ తెలుసు. ఏప్రిల్ వచ్చిందంటే మాత్రం ఆ మర్యాద గాలికి పోతుంది. ముక్కూ మొహం తెలియనివాడు ఇండియన్ స్టోర్లో బెండకాయలు ఏరుకుంటుంటే పక్కకు చేరి, "మీకెంత వచ్చింది?" అని అడిగేస్తారు. ఏమి వచ్చిందని ఎవడూ ఎదురు ప్రశ్న వెయ్యడు. ఏప్రిల్లో వచ్చేది ఒక్కటే, టాక్స్ రిఫండు. ఎక్కువ వచ్చినవాడు తెలివైనవాడు, తక్కువ వచ్చినవాడు పాపం అమాయకుడు. రావడం మాట దేవుడెరుగు, ఎదురు కట్టాల్సి వచ్చినవాడు ఒకడు ఉంటాడన్న ఊహ కూడా ఎవరికీ రాదు.

ఈ పందేనికి పెద్దదిక్కు అచ్యుతరావుగారు. డెబ్భై ఒకటిలో ఈ దేశం వచ్చి, రంగులు తయారుచేసే కంపెనీలో ఇంజనీరుగా చేరి, ఇంకా అక్కడే చేస్తున్న మనిషి. ఏటా ఏప్రిల్ పదిహేనుకు ముందు వచ్చే ఆదివారం నాడు ఆయన ఇంట్లో పాట్‌లక్. ఎవరి గిన్నె వాళ్ళు తెచ్చుకోవాలి, ఎవరి అంకె వాళ్ళు చెప్పాలి. చివర్లో ఆయన గొంతు సవరించుకుని తన అంకె చెప్తాడు. "ఈసారి తొమ్మిది వేలు పిండానయ్యా గవర్నమెంట్ దగ్గర." అందరూ ఆహా అంటారు. ఆయన పిండిందేమీ లేదు. ప్రతి పే చెక్‌లోనూ కావలసిన దానికంటే ఎక్కువ టాక్స్ కోయించుకుని, ఏడాది పొడుగునా సర్కారుకి పైసా వడ్డీ లేకుండా అప్పిచ్చి, తన డబ్బు తనకు తిరిగొచ్చిందని బొబ్బట్లు పెట్టే మహానుభావుడాయన. ఆయన భార్య లీలగారు మాత్రం వంటింట్లోంచే, "మే నుంచి మార్చి దాకా డిష్‌వాషర్ బాగుచేయించడానికి డబ్బుల్లేవంటారు, ఏప్రిల్లో మాత్రం మా ఇంట్లో జమీందారీ" అంటుంది. ఆ మాటను ఎవరూ పట్టించుకోరు.

ఇక మన తేజేశ్వర్. ఇతను అచ్యుతరావుగారికి సరిగ్గా తలకిందులు. రెండువేల ఎనిమిది జనవరిలో కొత్త కన్సల్టింగ్ కంపెనీలో చేరినప్పుడు, హెచ్ఆర్ అమ్మాయి ఒక ఫారం ఇచ్చింది. జీతంలోంచి టాక్సు ఎంత పట్టుకోవాలో కంపెనీ ఆ ఫారం చూసే తేల్చుకుంటుంది. మీ మీద ఎంతమంది ఆధారపడి ఉన్నారు అన్నట్టు ఏదో కనిపించింది తేజేశ్వర్‌కి. అంతే, రేషన్ కార్డు రాయడానికి వచ్చిన వీఆర్వో ముందు అరుగు మీద కూర్చున్నట్టు వేళ్ళు మడవడం మొదలుపెట్టాడు. తను, భార్య రష్మి, అమ్మ, నాన్న, నాయనమ్మ, ఇంజనీరింగ్ చదువుతున్న తమ్ముడు, అత్తగారు, మామగారు, పెళ్ళికాని మరదలు. ఆఖర్న మేనత్త కూడా గుర్తొచ్చింది. ఆవిడ మందులకు ప్రతి దసరాకీ ఇతనే పంపుతున్నాడు, మరి ఆధారపడినట్టే కదా. మొత్తం పది అని రాశాడు. హెచ్ఆర్ అమ్మాయి చూసి, పెద్ద కుటుంబం అని నవ్వింది. తేజేశ్వర్ ఛాతీ ఉప్పొంగింది. విజయనగరంలో ఉన్న నాయనమ్మ వాషింగ్టన్ లెక్కలోకి రాదని ఫారం వెనకవైపు రాసే ఉంది. కానీ ఫారం వెనక్కి తిప్పి చదివేవాడు మనలో ఎవడు? మనకంటే రెండేళ్ళు ముందొచ్చినవాణ్ణి అడుగుతాం. ఇతను అదీ చెయ్యలేదు, తెలియదని ఒప్పుకోవడం ఇష్టంలేక.

పదిమందిని చూసి పాపం కంపెనీ కూడా జాలిపడి టాక్సు నామమాత్రంగా పట్టుకుంది. పే చెక్ బొద్దుగా వచ్చింది. అదే ప్రాజెక్టులో, అదే రేటుకి చేస్తున్న రాజ్ చెక్కు కంటే పెద్దది. దానికి తేజేశ్వర్ కనిపెట్టిన కారణం ఏమిటంటే, తను నెగోషియేట్ చేశాడు, రాజ్‌కి చేతకాలేదు. ఏడాదిపాటు లంచ్ టేబుల్ దగ్గర రాజ్‌కి పాఠాలు చెప్పాడు. "జీతం అడగడం ఒక ఆర్ట్ భాయ్. నువ్వు మొహమాటపడతావ్, అదే నీ ప్రాబ్లం." రాజ్ తల ఊపేవాడు. ఆ బొద్దు డబ్బుతో గోడంత ప్లాస్మా టీవీ వచ్చింది, దానిమీద తెలుగు చానెళ్ళు వచ్చాయి.

రష్మి ఆ టీవీ ముందు ఏడాది కూర్చుంది. ఫిజిక్స్‌లో డిగ్రీ చేసిన పిల్ల. మొగుడి వెంట వచ్చేవాళ్ళకిచ్చే హెచ్ ఫోర్ వీసా మీద ఉద్యోగం చెయ్యకూడదు, చదువుకోవచ్చు. కౌంటీ కాలేజీలో ఎక్స్‌రే టెక్నాలజిస్ట్ కోర్సుకి అప్లై చేసింది. ఉన్న సీట్లు తక్కువ, వెయిటింగ్ లిస్టు చాంతాడంత. కొత్త ఏడాది మొదట్లో ఆమె పేరు వచ్చింది. ఏప్రిల్ పదో తారీఖులోగా మూడువేల డాలర్లు కడితే సీటు ఖాయం. ఆ రోజు రష్మి మొహం చూసి తేజేశ్వర్‌కి నిజంగానే ఆనందం వేసింది. "రిఫండ్ రాగానే కట్టేద్దాం" అన్నాడు దర్జాగా. ఆమె ఆ సంగతి లీలగారికి ఫోన్ చేసి మరీ చెప్పుకుంది.

ఫిబ్రవరిలో ఒక శనివారం మధ్యాహ్నం భోంచేసి, తేజేశ్వర్ టాక్స్ సాఫ్ట్‌వేర్ ముందు కూర్చున్నాడు. అంకెలన్నీ కొట్టాడు. మూలన పచ్చగా రావలసిన అంకె ఎర్రగా వచ్చింది. నాలుగు వేల రెండు వందల చిల్లర. అది వచ్చేది కాదు, కట్టేది. కంప్యూటర్ ఆపేసి మళ్ళీ ఆన్ చేశాడు. క్లయింట్లందరికీ అతను చెప్పే వైద్యం అదే మరి. ఎరుపు పోలేదు. మేనత్తను, నాయనమ్మను చేర్చడానికి ఎక్కడైనా చోటుందేమోనని వెతికాడు. వాళ్ళు ఈ దేశంలో ఉంటున్నారా అని సాఫ్ట్‌వేర్ అడిగింది. అప్పుడు తెలిసొచ్చింది అయ్యవారికి, ఏడాదిపాటు తను చేసింది నెగోషియేషన్ కాదని, సర్కారు దగ్గర తెలియకుండా తెచ్చుకున్న చేబదులని.

"ఎంత వస్తోంది తేజా?" వంటింట్లోంచి రష్మి అడిగింది.

"ఇంకా అవలేదు. ఏవో ఫామ్స్ రావాలి."

అప్పుడే చెప్పేసి ఉంటే కథ అక్కడితో అయిపోయేది. టీవీ అమ్మేసో, కార్డు మీద గీకేసో కాలేజీ డబ్బు కట్టి, టాక్సు నెలనెలా వాయిదాల్లో కట్టుకునేవాళ్ళు. రష్మి రెండు రోజులు ఏడిపించి ఊరుకునేది. కానీ అలా చెప్తే అది లీలగారికి తెలుస్తుంది, ఆవిణ్ణుంచి అచ్యుతరావుగారికి, ఆయన్నుంచి తాముంటున్న అపార్ట్‌మెంట్ కాంప్లెక్స్ మొత్తానికి. ఏడాదిపాటు పాఠాలు విన్న రాజ్‌కి కూడా తెలుస్తుంది.

సోమవారం హెచ్ఆర్ దగ్గరికి పరిగెత్తాడు. కొత్త ఫారంలో సున్నా రాశాడు. భయం తీరక, పెళ్ళికానివాడికి కోసినట్టు కొయ్యండి అని గడి నింపాడు. అదీ చాలక, పైన ఇంకో రెండు వందలు కూడా పట్టుకోండి అని రాశాడు. ఇది పోయిన ఏడాది బాకీని తీర్చదండీ అని ఆ అమ్మాయి చెప్పబోయింది. అతనికి వినే ఓపిక లేదు. పది మందిని పోషించినవాడు ఒక్క ఫారంతో బ్రహ్మచారి అయిపోయి బయటికొచ్చాడు.

మార్చి నుంచి పే చెక్ చిక్కిపోయింది. అదే నెలలో ఆఫీసులో లేఆఫ్‌లు మొదలయ్యాయి, రాజ్ ఉద్యోగం ఊడింది. తేజేశ్వర్ భుజం తట్టి ధైర్యం చెప్పాడు. మనసులో ఎక్కడో, ఇక తన సంగతి రాజ్‌కి తెలిసే అవకాశం లేదని కాస్త ఊరట కూడా పడ్డాడు. మనిషన్నాక అంతే.

ఒక సాయంత్రం రష్మి అన్నం వడ్డిస్తూ, "ఆఫీసులో అంతా బాగానే ఉంది కదా?" అంది.

"ఏముంటుంది? బాగానే ఉంది."

"నాతో చెప్పకూడనిదేం లేదు కదా."

"ఏం లేదన్నానుగా" అని టీవీ వైపు తిరిగాడు.

ఆ తరవాత ఇంట్లో వింతలు జరిగాయి. తెలుగు చానెళ్ళు ఆగిపోయాయి; చూడబుద్ధి కావడంలేదంది రష్మి. ఆదివారం పేపర్లో వచ్చే డిస్కౌంట్ కూపన్లు కత్తిరించడం మొదలుపెట్టింది. శనివారం బయట తినడం మానేసి ఇంట్లోనే పెసరట్లు వేసింది, అడక్కుండానే రెండో అట్టు కూడా వేసి పెట్టింది. ఎప్పుడూ లేనంత మెత్తగా మాట్లాడుతోంది. తేజేశ్వర్‌కి ప్రాణం లేచొచ్చింది. నా అదృష్టం కొద్దీ దీనికి పొదుపు పట్టుకుంది, ఈ లెక్కన టాక్సు బాకీ మెల్లగా తీరిపోతుంది అనుకున్నాడు. ఎందుకు పట్టుకుందో ఆలోచించలేదు. ఏప్రిల్ పదో తారీఖు శుక్రవారం వచ్చింది. ఆ రోజంతా రష్మి కాలేజీ మాట ఎత్తుతుందేమోనని అతను బిక్కుబిక్కుమంటూ ఉన్నాడు. ఆమె ఎత్తలేదు. మర్చిపోయిందేమో, గుర్తుచేసి గొడవ తెచ్చుకోవడం దేనికని తనూ ఎత్తలేదు. ఆ రాత్రి హాయిగా నిద్రపోయాడు కూడా.

ఆదివారం అచ్యుతరావుగారింట్లో పాట్‌లక్. రష్మి గుత్తివంకాయ చేసి పట్టుకొచ్చింది. భోజనాలయ్యాక అందరూ బొబ్బట్ల ప్లేట్లు పట్టుకుని హాల్లో సోఫాల్లోనూ కింద కార్పెట్ మీదా సర్దుకున్నారు. అచ్యుతరావుగారు వరసలో అడుగుతూ వచ్చారు. ఒకాయన పద్దెనిమిది వందలన్నాడు, పర్లేదన్నారు. ఇంకొకాయన రెండు వేల ఆరొందలన్నాడు, భేష్ అన్నారు.

"ఏమోయ్ తేజేశ్వర్, నీకెంత వచ్చింది?"

ఏమీ చెప్పకుండా నవ్వి ఊరుకోవచ్చు. బాత్రూమ్‌కి వెళ్ళొచ్చు. కానీ పాతిక జతల కళ్ళు తనవైపే చూస్తుంటే తేజేశ్వర్ నాలుక దానంతటదే తిరిగింది. "మూడు వేల రెండొందలు అంకుల్."

"అదీ! కుర్రాడు గట్టివాడే" అని అచ్యుతరావుగారు వీపు చరిచారు.

డైనింగ్ టేబుల్ దగ్గర ప్లేట్లు తీస్తున్న రష్మి చెయ్యి ఆగిపోయింది. తలెత్తి మొగుడివైపు చూసింది. తేజేశ్వర్ చూపు తిప్పుకుని బొబ్బట్టు మీద నెయ్యి సర్దుకున్నాడు.

నలుగురిలో ఉన్నప్పుడే రష్మి అతన్ని మీరు అంటుంది. కారెక్కి తలుపులు వేసుకున్నాక కూడా ఆ రోజు మీరనే అంది.

"మూడు వేలు ఎప్పుడొచ్చాయి మీకు?"

"రాలేదు" అన్నాడు తేజేశ్వర్. "ఏదో ఒకటి చెప్పాలి కదాని అన్నాను."

"మరి జీతం ఎందుకు తగ్గించారు?"

"జీతం ఎవరు తగ్గించారు?"

"నెలన్నర నుంచి బ్యాంకులో తక్కువ పడుతోంది. నేను చూడననుకున్నారా? రాజ్‌గారి ఉద్యోగం పోయింది, మీకు సగం జీతమే ఇస్తున్నారేమో, చెప్పుకోలేక కుమిలిపోతున్నారేమో అనుకున్నాను."

ఇక దాచడానికి ఏమీ మిగల్లేదు. ఫారం సంగతి, పది మంది సంగతి, ఎర్ర అంకె సంగతి, మళ్ళీ బ్రహ్మచారి అయిన సంగతి, నీళ్ళు నములుతూ మొత్తం చెప్పేశాడు. రష్మి చివరిదాకా వింది. ఉద్యోగం భద్రంగా ఉందని తెలిసి ముందు ఆమె మొహంలో తేలిక కనిపించింది. తేజేశ్వర్ ధైర్యం తెచ్చుకున్నాడు.

"పోనీలే, కాలేజీకి రేపు ఫోన్ చేద్దాం. ఎలాగోలా కడదాం."

"గురువారమే రాసేశాను, చేరలేనని. శుక్రవారం పొద్దున్న నా తరవాతి అమ్మాయికి ఇచ్చేశారు. మళ్ళీ లిస్టులో చివర్నుంచి రావాలి."

"నాతో ఒక్క మాట చెప్పాలి కదా రష్మీ."

"చెప్తే మీరు మనసు కష్టపెట్టుకుంటారనుకున్నాను. మీ ఉద్యోగం పోతుందేమోనని నేను నా చదువు వదులుకున్నాను. మీరేమో మీ పరువు పోతుందేమోనని నా చదువు వదిలేశారు. పదో తారీఖు వచ్చి వెళ్ళిపోతుంటే చూస్తూ కూర్చున్నారు."

సిగ్నల్ దగ్గర కారు ఆగింది. అంతలో రష్మి ఫోన్ మోగింది, లీలగారు. రష్మి కళ్ళు తుడుచుకుని ఎత్తింది. కారు నిశ్శబ్దంగా ఉండడంతో ఆవిడ గొంతు తేజేశ్వర్‌కీ వినిపించింది.

"అమ్మాయ్, వంకాయకూర గిన్నె ఇక్కడే వదిలేశావు, కడిగి పెట్టాను. అన్నట్టు, మూడు వేలు వచ్చాయటగా, కాలేజీ డబ్బు కట్టేశారా? నాకు భలే సంతోషంగా ఉందే."

తేజేశ్వర్ స్టీరింగ్ మీది చెయ్యి తీసి, కట్టేశామని చెప్పు అన్నట్టు సైగ చేశాడు. కళ్ళతో బతిమాలాడు. రష్మి ఆ సైగను పూర్తిగా చూసింది.

"లేదాంటీ. రిఫండ్ రాలేదు, ఆయన అందరిముందూ అబద్ధం చెప్పారు. మేమే నాలుగు వేలు కట్టాలి. నా సీటు పోయింది" అంది. "గిన్నె రేపొచ్చి తీసుకుంటాను."

ఫోన్ పెట్టేసి కిటికీలోంచి బయటికి చూస్తూ కూర్చుంది. కన్నీళ్ళు కారుతున్నాయి, తుడుచుకోలేదు. పచ్చలైటు పడింది. వెనకవాడు హారన్ కొట్టాడు. తేజేశ్వర్ ఏదో అనాలని రెండుసార్లు నోరు తెరిచి మూశాడు. క్షమించమందామనే అనుకున్నాడు పాపం. మూడోసారి మాట బయటికొచ్చింది.

"ఆంటీ పక్కన అంకుల్ ఉన్నాడంటావా?"