గరిటెకు కట్టిన తాళంచెవి

మా అక్క కుడికన్ను పోవడానికి కారణం మీరు. నంద్యాలలో రంగయ్య హోటల్ నడిపే హరీష్, నువ్వు. 'నంద్యాల రుచులు' అని వాట్సాప్ గ్రూపు పెట్టిన శ్రీకాంత్, నువ్వు. పొద్దున లేచింది మొదలు ఎక్కడ ఏం తినాలో ఒకరికొకరు చెప్పుకునే ఆ గ్రూపులోని నాలుగు వందల మంది, మీరు. మీ అందరికంటే ముందు నేను. నా పేరు జకరయ్య. ఆళ్లగడ్డలో రాతి విగ్రహాలు చేరవేసే టెంపో నాది. షుగరు వల్ల కన్ను పోయిందని డాక్టరు కాగితం మీద రాశాడు. ఆయన రాసింది నిజమే. కానీ అది సగం. మిగతా సగం నేను రాస్తున్నాను.

టెంపో తోలేవాడికి హోటళ్ల సంగతి బాగా తెలుస్తుంది. నందినో ఆంజనేయుణ్ణో గడ్డిలో చుట్టి ఎక్కించుకుని ఒకరోజు కోయిలకుంట్ల దారి పడతాను, ఇంకోరోజు యాగంటి దారి. ఎక్కడ సంగటి వేడిగా దొరుకుతుందో, ఎక్కడ నిన్నటి పులుసులో నీళ్లు పోసి ఇవాళ వడ్డిస్తారో పన్నెండేళ్లుగా చూస్తున్నాను. అందుకే గ్రూపులో నా మాటకు విలువ ఉండేది.

"జకరన్నా, చాగలమర్రి కాడ పొద్దున్నే ఏం దొరుకుతాది?" అని మనోజ్ అనే కుర్రాడు అడిగేవాడు.

"బస్సులు ఆగే కాడ తినొద్దు. ఊరు దాటినాక ఎడం పక్క రేకుల కొట్టం ఉండాది. ఉగ్గాని తిను. బజ్జీ నీ ముందరే ఏస్తారు."

"కారమా అన్నా?"

"కారం ఓర్చుకోలేనోనివి ఇంటికాడ పాలన్నం తినుప్పా, యాడికీ పోవద్దు."

అందరూ నవ్వే బొమ్మలు పెట్టేవారు. శ్రీకాంత్ "జకరన్న చెప్తే ఇంగ ఎదురు లేదు" అని రాసేవాడు. నాకు గొప్పగా ఉండేది. ఇది దాచుకోను.

రంగయ్య హోటల్ పేరు గ్రూపులో ఎక్కువసార్లు రాసింది నేనే. పప్పు, చెనిక్కాయల పొడి, ఎర్రకారం దోశె. రంగయ్య పోయాక కొడుకు హరీష్ కూడా రుచి తగ్గనివ్వలేదు. ఒకరోజు అక్కడ చేయి కడుక్కుని వస్తుంటే గల్లాపెట్టె పక్కన మేకుకు ఒక గరిటె కనిపించింది. సాంబారు బకెట్లో వేసే మూరెడు గరిటె. కాడ వంకరపోతే పారేయకుండా బాత్రూము తాళంచెవిని దానికి కట్టారు, ఎవరూ మరిచిపోయి జేబులో వేసుకుని పోకుండా. నాకు నవ్వొచ్చింది. ఫోటో తీసి 'సాంబారు గరిటెకు కొత్త ఉద్యోగం' అని గ్రూపులో పెట్టాను. ఆ రోజు వచ్చినన్ని నవ్వులు నేనేం రాసినా రాలేదు.

ఇక మా అక్క. పేరు దెబోరా, వయసు యాభై నాలుగు. మా బావ రాజరత్నం పోయి పదేళ్లయింది. ఆళ్లగడ్డలో ఒక బడిలో నూట నలభై మంది పిల్లలకు మధ్యాహ్న భోజనం వండుతుంది. ఇంత మందికి వండే మనిషి హోటల్లో కూర్చుని తిన్న రోజులు తన జన్మలో పది ఉండవు.

పోయిన జూన్‌లో కళ్లు మసకగా ఉన్నాయంటే నంద్యాలలో కంటి డాక్టరుకు చూపించాను. షుగరు కంటి వెనక నరాలను తినేస్తోందన్నాడు. రెండు కళ్లకూ లేజరు పెట్టాలి, ఆరుసార్లు రావాలి, ఒక్కసారి కూడా తప్పొద్దు, వేళకు తినాలి, నీళ్లు బాగా తాగాలి అన్నాడు. ఏడు గంటల బస్సెక్కితే ఎనిమిదిన్నరకు అక్కడుంటుంది. చుక్కలు వేస్తారు, కూర్చోబెడతారు, మళ్లీ చుక్కలు వేస్తారు. ఆమె వంతు వచ్చేసరికి మూడవుతుంది. డాక్టరుది మేడ మీద ఒకే గది. బాత్రూము లేదు. అడిగితే కింద హోటల్లో అడగమంటారు. ఆ కింద హోటలే రంగయ్య హోటల్.

"అక్కా, నీ అదృష్టం జూడు. మెట్లు దిగితే రంగయ్య హోటలు. పప్పు రెండోసారి అడిగి ఏయించుకో, మొగమాటపడొద్దు" అన్నాను.

"సరేలేరా" అంది.

మొదటిసారి పోయొచ్చిన సాయంత్రం వాళ్లింటికి పోయి అడిగాను. "తిన్యావా?"

"తిన్యా."

"పప్పు ఎట్లుండాది?"

"బాగుండాదిలే."

"నేను జెప్పలే?" అని అక్కడి నుంచే గ్రూపులో రాశాను, నూట నలభై మందికి వండే మా అక్కే మెచ్చుకుందని. హరీష్ దండం బొమ్మ పెట్టాడు. అక్క మంచం మీద కూర్చుని చెంబెడు నీళ్లు ఎత్తిపట్టి తాగుతోంది. అది అయ్యాక ఇంకో చెంబు. నేను చూశాను. ఎండకు దప్పికయిందనుకున్నాను.

రెండోసారి వచ్చినప్పుడూ అదే ప్రశ్న, అదే జవాబు. మూడోసారి పోలేదు. బస్సు తప్పిపోయిందంది. నాలుగోసారి బడికి ఎవరో పెద్దాఫీసరు వస్తున్నాడంది. నేను అరిచాను. "భయం నీకు. లేజరంటే భయపడి సాకులు చెప్తాండావు" అన్నాను. ఆమె బియ్యంలో రాళ్లు ఏరుతోంది. ఆ సమయంలో ఒక్క మంచి ప్రశ్న వేసి ఉంటే ఈ కథ ఉండేది కాదు. నాకు తెలిసిన ప్రశ్న ఒక్కటే, పప్పు ఎలా ఉందని.

క్రిస్మస్‌కు పది రోజుల ముందు పొద్దున ఫోన్ చేసింది. "ఒరేయ్ జకరీ, కుడికంట్లో నల్ల వెంట్రుకలు మాదిరి కదులుతాండాయిరా" అంది. నేను టెంపోలో నంద్యాల చేర్చేసరికి వెంట్రుకలు పోయి మొత్తం చీకటయింది. డాక్టరు చూసి, లోపల రక్తం కారి పొర ఊడిపోయిందన్నాడు. ఆపరేషన్ చేసినా చూపు వస్తుందని మాట ఇవ్వలేనన్నాడు. ఎడమ కన్ను ఇంకా బాగుంది, మూడుసార్లు లేజరు పెడితే నిలుస్తుంది, ఇది కూడా తప్పితే నన్ను అడగొద్దమ్మా అన్నాడు.

"ఎందుకు రాలేదు?" అని ఆయన అక్కను అడిగాడు. జవాబు నేనే చెప్పాను. "భయం సార్ ఆమెకు."

ఆ జవాబు ఎంత తప్పో జనవరిలో తెలిసింది. బడికి గ్యాసు సిలిండరు దింపి, అక్కను ఇంటికి తీసుకుపోదామని ప్రహరీ అవతల టెంపోలో కూర్చున్నాను. పిల్లలు తిని లేచారు. వరండాలో ముగ్గురు ఆడవాళ్లున్నారు. మా అక్క, ఆమెతో పాటు వండే ఉమామహేశ్వరమ్మ, నంద్యాల నుంచి రోజూ బస్సులో వచ్చిపోయే చందన టీచరు.

"టీచరమ్మా, సోమవారం కూతురి సర్టిఫికెట్ల కోసం నంద్యాలకు పోతాండా. తినేదానికి యాడ బాగుంటాది?" అని ఉమామహేశ్వరమ్మ అడిగింది.

నేను గోడ మీంచి జవాబు చెప్పబోయాను. అంతలో చందన టీచరు "ఎంతసేపుండాల ఉమక్కా?" అంది.

"సాయంత్రం దాకా."

"అయితే మూడంతస్తుల చీరల అంగడి ఉండాదే, దాని పైకి పో. రెండు చీరలు ఇప్పించి చూడు. మూడోది ఇప్పేటప్పుడు బాత్రూము యాడని అడుగు. చూపిస్తారు. లోపల గడియ కూడా ఉండాది."

"తిండి సంగతి అడిగితే చీరలంటావేంది?"

"ముందు అదే కదక్కా. ఆ అంగడి ఎదురుగా ఇడ్లీ బండి ఉండాది. రాళ్ల మాదిరి ఉంటాయి. అయినా ఆడనే తిను."

"నూనెపల్లెలో చర్చి కాడ పాస్టరమ్మ ఉంటే తలుపు తీస్తాది" అని మా అక్క అందుకుంది. "ఆమె ఊరికి పోయింటే మన ఖర్మ. పెట్రోలు బంకులోది వద్దు మే, తలుపు కింద జానెడు సందు."

"మరి మీ తమ్ముడు ఊరంతా టముకేస్తాంటాడే, రంగయ్య హోటలని?"

"అది మొగోళ్ల హోటలు మే. ఆడ బాత్రూముకు గరిటెతో వడ్డిస్తారు." అక్క నవ్వుతూనే చెప్పింది. "మొదటి దినం అడిగినా. గల్లా కాడ ఉండే ఆయప్ప, భోజనం చేసినావామ్మా అన్యాడు. పొయ్యొచ్చి తింటానప్పా అన్నా. తిన్నోళ్లకే ఇస్తామని చెప్పి, మళ్లా ఏమనుకున్యాడో, లోపలికి అరిచినాడు. ఒరేయ్, ఆ బాత్రూము గరిటె యాడ పెట్టినార్రా, ఈయమ్మకు అర్జెంటంట అని. నలభై మంది తలకాయలు లేపి నన్నే చూసినారు. ఇంగ గొంతు దిగుతాదా? బయటికొచ్చి డాక్టరు మెట్ల మీద కూచున్నా."

ఉమామహేశ్వరమ్మ కళ్లలో నీళ్లు వచ్చేలా నవ్వింది. టీచరు నవ్వలేదు. "తర్వాత ఏం జేసినావక్కా?"

"ఏముండాది. రెండోసారి ముందు దినం సాయంత్రం నుంచే నీళ్లు మానుకొని పోయినా. తినలేదు గూడా. చుక్కలేసినాక కండ్లు తిరిగి మెట్ల మీద పడినా. మూడోసారి కాళ్లు రాలేదు టీచరమ్మా."

"మీ తమ్మునికి చెప్పకపోతివా?"

"వాడు ఆ గరిటె ఫోటో తీసి ఊరందరికీ పంపి నవ్వినాడు. మా దీవెన ఫోన్లో చూపించింది. నేనేమని చెప్పేది?"

దీవెన ఆమె కూతురు. నాకు మేనకోడలు.

వాళ్లు కూడా తినే చోట్ల గురించే చెప్పుకుంటున్నారు. మన గ్రూపులో ఒక్కసారి కూడా రాని పట్టిక అది. నాలుగు వందల మందిలో ఆడవాళ్లు ఇరవై మంది ఉంటారు. వాళ్లు ఎప్పుడూ ఏమీ రాయరు, చెప్పడానికి వాళ్లకేమీ లేదని మనం అనుకున్నాం.

అక్క వచ్చి టెంపో ఎక్కింది. ఇంటి దగ్గర దిగేటప్పుడు అడిగాను. "నాతో అబద్ధం ఎందుకు చెప్పినావక్కా? తిన్యానని."

"నువ్వు అంత ఆశగా అడుగుతాంటివి, పప్పు బాగుందా, చారు బాగుందా అని" అంది. "బాగలేదంటే నీ మొగం చిన్నబోతాది."

మర్నాడు రంగయ్య హోటల్‌కు పోయాను. హరీష్‌ను తాళంచెవి అడిగాను.

"ఏందన్నా కొత్తగా? నువ్వెప్పుడూ అడగవే" అన్నాడు.

అడగను. నాకు టెంపో చాటు ఉంది, గోడ ఉంది, కంపచెట్లు ఉన్నాయి. గరిటె తీసుకుని వెనక్కి పోయి తాళం తీశాను. లోపల నూనె డబ్బాలు, ఉల్లిగడ్డల మూటలు. మరుగుదొడ్డి కుండీ మీద కూడా ఒక డబ్బా. తలుపుకు గడియ ఊడిపోయి, దాని తావున చిల్లు ఉంది.

"ఇట్ల పెట్టినావేంది హరీషూ?"

"ఎవురూ వాడరన్నా. అడిగితే ఇయ్యమా? ఆడోళ్లెవురూ అడగరు. తాళం తీసి పెడితే రోడ్డు మీద పోయేటోళ్లంతా వస్తారు. ఎవురు కడగాల?"

"మా అక్క అడిగింది."

"ఎప్పుడు?" అన్నాడు. నిజంగానే అతనికి గుర్తు లేదు.

ఇదంతా గ్రూపులో రాశాను. పది నిమిషాల్లో శ్రీకాంత్ దాన్ని తీసేసి నాకు విడిగా ఫోన్ చేశాడు. "అన్నా, బాధగానే ఉండాది. కానీ ఇది రుచుల గ్రూపు. తినే కాడ ఆ మాటలెందుకు? హరీష్ మనోడే కదా." నేను ఫోన్ పెట్టేశాను. అందుకే ఇలా అచ్చులో రాయాల్సి వచ్చింది.

హరీష్, నీ మీద నాకు పగ లేదు. నీ హోటల్లో పన్నెండేళ్లు తిన్నాను, ఆ గరిటెను చూసి నవ్వాను. నీ తప్పులో నాకు వాటా ఉంది. కానీ పోయిన కన్నులో నీకూ నాకూ వాటా లేదు, అది మొత్తం ఆమె ఒక్కతే మోస్తోంది. ఇప్పుడు అన్నం వార్చేటప్పుడు గంజి ఎక్కడ పడుతుందో తెలియక చేతులు కాల్చుకుంటోంది.

ఎడమ కంటికి డాక్టరు చెప్పిన మూడు లేజర్లలో మొదటిది వచ్చే సోమవారం. నేనూ వస్తానన్నాను, గల్లా దగ్గర నిలబడి తాళంచెవి నేనే తెచ్చిస్తానన్నాను. అక్క ఒప్పుకోలేదు. "నువ్వు కొట్లాడి తెచ్చిన గరిటె నాకొద్దురా. అప్పుడు నలభై మంది చూసినారు, ఇప్పుడు నూరు మంది చూస్తారు. తలుపు తీసుంటే పోతా. లేకుంటే పోను" అంది. పోను అంటే లేజరుకు కూడా పోనని. ఆమె సంగతి నాకు తెలుసు.

కాబట్టి హరీష్, ఆదివారం సాయంత్రానికి ఆ నూనె డబ్బాలు బయటికి తీయించు. కడిగించు. లోపల గడియ బిగించు. చిల్లు మూయించు. తాళం పీకెయ్. గరిటెను సాంబారు బకెట్లో అయినా వేసుకో, పాత సామానుకైనా ఇచ్చుకో, మేకుకు మాత్రం కనిపించకూడదు. తిన్నావా లేదా అని ఎవరూ ఏ ఆడమనిషినీ అడగకూడదు.

శ్రీకాంత్, నువ్వు తీసేసిన నా రాతను మళ్లీ పెట్టు. ఇకమీదట ఎవరు ఏ హోటల్ పేరు రాసినా మొదటి మాట బాత్రూము గురించే రాయాలి. ఉందా, తీసి ఉంటుందా, గడియ పడుతుందా. ఆ తర్వాత రాయండి పప్పు గురించి.

సోమవారం చుక్కలు వేశాక ఆమె మెట్లు దిగుతుంది. గోడ పట్టుకుని, ఒక్క కంటితో, అది కూడా మసకగా. ఆలోగా ఆ తలుపు తీసి పెట్టండి.