ఏడున్నర దెబ్బలు

డాబా మీద కచేరీ జరుగుతోంది, డాబా మాత్రం మెల్లగా కదిలిపోతోంది, వడియాలు ఎండబెట్టిన చీర అంచు దాటి తొంగి చూస్తే కింద విజయనగరం లేదు, చుక్కలున్నాయి, అయినా నెత్తిన ఎండ ఫెళ్ళున కాస్తోంది. హైమవతికి ఇదేమీ వింతగా లేదు, ఎందుకంటే ఆమె వయొలిన్ పక్కనే, పోయి ఏడాదైన పైడిరాజు మాస్టారు మృదంగం ముందు పెట్టుకుని కూర్చున్నారు.

గ్రహాంతరవాసుల కథలు చిన్నప్పుడే నమిలి మింగిన మనిషి ఆవిడ. ఇరవయ్యేళ్ళు తనకు మృదంగం వాయించిన మాస్టారికీ ఆ పిచ్చి అంటించింది. ఇద్దరూ కలిసి ఈ డాబా మీదే గొడుగు యాంటెన్నా నిలబెట్టి, పైనుంచి ఎవరైనా పలుకుతారేమోనని చెవులొగ్గి కూర్చునేవారు.

"ఏటమ్మా, యాంటెన్నా ఇప్పించేస్తన్నావంట?" అంటూ మాస్టారు మృదంగం ఎడమ మూతకు అద్దే తడి రవ్వముద్దను తీసుకెళ్ళి యాంటెన్నాకు అద్దుతున్నారు, దాని శ్రుతి దిగాలట.

"మీరు లేకుండా నేనొక్కదాన్నీ ఏం వినను మాస్టారూ? ఆ రోజు..."

ఆ రోజు రిసీవర్‌లో టకటకమని ఏదో ఒకే ఒక్కసారి మోగింది. ఇది ఎనిమిది దెబ్బల ఆదితాళమేనన్నారు మాస్టారు. ఈవిడ తాళం వేసి చూసి, ఏడున్నరకే తెగిపోయింది, మీకు లెక్క తప్పుతోంది అనేసింది. ఆయన మృదంగం సంచిలో పెట్టుకుని వెళ్ళారు, వారం తిరక్కుండా పోయారు. ఛీ, అంతటి విద్వాంసుణ్ణి ఎంత మాట అంది!

"తప్పయిపోయింది మాస్టారూ."

"నీ ఒక్కదానిదే ఏటమ్మా? ఇద్దరం బుద్ధితక్కువోళ్ళమే! మొదటి సప్పుడే తొలిదెబ్బ అనేసుకున్నాం. తాళం మొదలెట్టాక ఆగి ఎత్తుకునే పాటలు మనం ఎన్ని వాయించలేదు? ఆ వాయించినోడు ముందర అర దెబ్బ ఊరకుండిపోనాడేమో, అదీ కలుపు!"

అర. ఏడున్నర. ఎనిమిది! హైమవతి ఒళ్ళు ఝల్లుమంటుంది, లేచి గంతులేయాలనిపిస్తుంది, జన్మంతా అలాంటి కీర్తనలే వాయించి ఈపాటి సంగతి తోచలేదేమిటే అని నెత్తి కొట్టుకుంటుంది, ఈలోగా వడియాల మధ్యకు శ్రోతలు వచ్చి చేరుతున్నారు, ఒక్కరికీ చేతుల్లేవు.

"వీళ్ళు తాళం ఎలా వేస్తారు మాస్టారూ?"

"ఊపిరి నేదేటి?" అని నవ్వుతారాయన. "మళ్ళీ వాయిస్తారు. ఎవరో ఒకరు ఇనాలి గదమ్మా. ఏదీ, నువ్వు తాళం ఎయ్యి. దెబ్బ పడ్డాక ఆగు... ఆగు..."

కళ్ళు తెరిస్తే మధ్యాహ్నం మూడు. మంచం మీద ఆవిడ కుడిచెయ్యి తాళం వేస్తూనే ఉంది. తొలిదెబ్బ తొడ మీద పడింది. అర దెబ్బ నిశ్శబ్దం. అప్పుడు వీధి తలుపు టకటకమంది.

తీసి చూస్తే, యాంటెన్నా విప్పడానికి కబురు పెట్టిన అప్పన్న, చేతిలో పానాతో నిలబడ్డాడు.

"విప్పకు నాయనా! బోల్టులన్నీ గట్టిగా బిగించు" అని, అతను నోరు వెళ్ళబెట్టి చూస్తుండగానే ఆవిడ పరుగున వెళ్ళి రిసీవర్ ముందు కూర్చుంది, తాళం ఆపకుండా.