మాట తెగకుండా

"నువ్వు ఊరికే ఉన్నప్పుడు ఆ పెట్టె సంగతి కాస్త చూడు" అన్నాడు డాక్టరు, చొక్కా గుండీలు పెట్టుకుంటూ.

అప్పటికి ఆమె పాప జడ అల్లుతోంది. రబ్బరుబ్యాండు పళ్ళ మధ్య ఉండటంతో బదులు చెప్పడానికి లేకపోయింది. ఊరికే ఉండటమనేది రోజులో ఏ గంటకి వస్తుందో ఆమెకి తెలియదు. తొమ్మిదేళ్ళ కాపురంలో ఎప్పుడైనా వచ్చిందేమో, తను పొయ్యి దగ్గర ఉండి చూసుకోలేదు.

డాక్టరంటే ఆమె భర్తే. పళ్ళ డాక్టరు. ముందు రెండు గదులు క్లినిక్కు, వెనక మూడు గదులు ఇల్లు. కన్నతల్లితో సహా అందరూ అతన్ని డాక్టరనే అంటారు. ఇక పెట్టె అంటే మెట్లకింద ఇరుకు గదిలో, విడిచిన బట్టల బుట్ట పక్కన, ఆరేళ్ళుగా రొదపెడుతున్న సర్వరు. పాప పుట్టకముందు ఆమె ఓ పెద్ద కంపెనీలో వందల సర్వర్లున్న హాలుని కాపు కాసేది. పాప పుట్టాక ఆ హాలుకి బదులు ఈ పెట్టె మిగిలింది. ఉన్నది ఒక్క ఇనప పెట్టే అయినా దాని లోపల మూడు కంప్యూటర్లు కట్టింది. వర్చువల్ మెషీన్లంటారు వాటిని. చేత్తో ముట్టుకుందామంటే ఉండవు, పనికి మాత్రం ఉంటాయి. ఒకటి క్లినిక్కుకి వచ్చేవాళ్ళ వేళలు చూస్తుంది, ఒకటి పళ్ళ ఎక్స్‌రేలు దాస్తుంది, ఒకటి ఫోన్లు కలుపుతుంది. "మా ఆవిడకి కంప్యూటర్లంటే సరదా" అని చెబుతాడు డాక్టరు, కుర్చీలో నోరు తెరుచుకుని పడుకున్నవాళ్ళకి. వాళ్ళు ఎటూ జవాబు చెప్పలేరు. ఎప్పుడైనా ఫోను మోగకపోతే మాత్రం గుమ్మంలోంచే కేక వినబడుతుంది: "ఏమైంది నీ సరదాకి?"

ఇప్పుడా పెట్టె ముసలిదైంది. లోపలి డిస్కు ఒకటి తప్పులు చూపిస్తోంది. ఆమె పాప డ్రాయింగు కాగితం మీద కొత్త పథకం గీసింది. పాతవే అయినా గట్టివి, రెండు చిన్న కంప్యూటర్లు. వాటికి వేరుగా, నాలుగు డిస్కులతో సరుకు, అంటే ఎక్స్‌రేలూ వేళల లెక్కలూ, దాచే పెట్టె. మూడింటినీ తీగలతో కలపాలి. పని చేసేది ఈ రెండూ, దాచేది ఆ మూడోది. ఒకటి పడిపోతే రెండోది అందుకుంటుంది. కాగితం కింద చిన్న అక్షరాలతో రాసుకుంది: ఆపకుండా మార్చాలి.

ఆదివారం భోజనాలకి ఆడపడుచు, ఆమె భర్త వచ్చారు. ఆయన కంప్యూటర్ల కంపెనీలో మేనేజరు. అత్తగారు చాటున ఆయన్ని సలహాల అల్లుడంటుంది. ఎడమచేత్తో కాగితం తిప్పి చూశాడు.

"ఇంటికి ఇంత హంగామా ఎందుకమ్మా? కొత్తదొకటి కొని పడేస్తే పోలా? అయినా ఒక రోజంతా క్లినిక్కు మూసుకోవాలి."

"మూసుకోనక్కర్లేదు అన్నయ్యగారూ. నడుస్తుండగానే..."

"కంగారుపడకు, మావాణ్ణెవణ్ణో పంపిస్తాలే. ఇంకాస్త వడ్డించు."

"విను, తెలిసినవాడు చెబుతున్నాడు" అన్నాడు డాక్టరు. "పేషెంట్లున్నప్పుడు మాత్రం దాని జోలికెళ్ళకు. ఏదైనా ఉంటే ఆదివారం చూసుకో."

ఆదివారమంటే ఇదిగో, ఈ వడ్డనే. ఆమె గరిటె పట్టుకుని నిలబడి ఆ మాటని మింగింది. మింగడం కొత్త కాదు. కొత్తదేమిటంటే, ఈసారి అది గొంతు దిగలేదు.

మర్నాడు మధ్యాహ్నం బఠాణీలు ఒలుస్తూ అత్తగారు ఉన్నట్టుండి అడిగింది. "అమ్మాయ్, నీ కాగితం చూపించి పనిచేసేవి రెండన్నావు. ఒకటి పోయినా ఇంకోటుంటుంది. సరుకంతా మూడోదాంట్లో అన్నావు. మరి ఆ మూడోది పోతే?"

ఆమె చేతిలో కాయ అలాగే ఉండిపోయింది. నిన్న అంత సలహా చెప్పిన పెద్దమనిషికి తోచని ప్రశ్న. తను కూడా ఆ వంక చూసీ చూడనట్టు దాటేసిన ప్రశ్న.

"మీకెలా తట్టింది అత్తయ్యా?"

"తట్టకేం? నేను పన్నెండేళ్ళు టెలిఫోన్ ఎక్స్‌ఛేంజిలో బోర్డు ముందు కూర్చున్నదాన్ని."

అత్తగారు ఎప్పుడో ఏదో ఉద్యోగం చేసిందని తెలుసు. ఏం ఉద్యోగమని ఈ తొమ్మిదేళ్ళలో తనూ అడగలేదు. మనమూ తక్కువేం కాదు అనుకుంది ఆమె, సిగ్గుపడి.

"చేతులతో కలిపే బోర్డు తీసేసి ఆటోమేటిక్కు పెట్టినరోజు చెప్తా విను" అంది ముసలామె. "ఇరవైమంది ఆడపిల్లల్ని బారుగా నిలబెట్టి పాత బోర్డు సంబంధాన్ని ఒక్కసారిగా తెంచే తాడు తలా ఒకటి చేతికిచ్చారు. ఆఫీసరు ఈల వేశాడు, లాగేశాం. అంతే. అప్పటిదాకా గలగలమన్న బోర్డు కట్టెలా అయిపోయింది. అవతల హాల్లో కొత్తది టకటకమని లేచింది. ఊళ్ళో ఎవరికీ తెలియదు. కానీ ఆ క్షణాన నా బోర్డు మీద ఒక పిల్ల మాట్లాడుతోంది. పరాయివాళ్ళ మాట వినకూడదు, నిజమే. చెవిలో పడింది. 'అమ్మా, నేనిక్కడ ఉండలేను, నేనూ...' అంటోంది. తాడు లాగాను. ఆ మాట తెగిపోయింది."

గుప్పెట్లోని బఠాణీలని గిన్నెలో జారవిడిచింది.

"ఆ పిల్ల మళ్ళీ ఫోన్ చేసుకుందో లేదో. కొత్త యంత్రమొచ్చాక మాతో పనేముంది? మీ మామగారు మంచిదైంది, ఇక ఇంటిపట్టున ఉండొచ్చన్నారు. ఉన్నాను."

ఆ సాయంత్రమే ఆమె కాగితం మీద ఇంకో గీత గీసింది. పాత పెట్టెని తూకానికి వెయ్యకూడదు. దాని పాడైన డిస్కు మార్చి, రోజూ మొత్తం సరుకుకి నకలు తీసుకునే కాపలా పెట్టాలి. కొత్తవి మూడూ తెప్పించి, బిగించి, తీగలు కలిపి, డిస్కుల్లోని సరుకుని నెమ్మదిగా తరలించడం మొదలుపెట్టింది. క్లినిక్కు నడుస్తూనే ఉంది. వంటా నడుస్తూనే ఉంది. రెండు రోజులకి సరుకంతా చేరింది. ఇక మిగిలింది నడుస్తున్న మెషీన్ల ప్రాణం.

పైవారం బుధవారం పదకొండు గంటలకి అత్తగారిని మెట్లకింద గదిలో స్టూలు మీద కూర్చోబెట్టింది. క్లినిక్కులోంచి డ్రిల్లు గుయ్యిమంటోంది.

"ఈ ఫోన్లో ఎవరితోనైనా మాట్లాడుతూ ఉండండి అత్తయ్యా. నేను ఫోన్లు కలిపే మెషీన్ని ఈ పెట్టెలోంచి ఆ పెట్టెలోకి మారుస్తాను."

"మాట్లాడుతుండగానే?"

"ఊఁ. దాని మనసులో ఉన్నదంతా అటు నకలవుతుంది. ఎవరి మాట ఎంతవరకు వచ్చిందో, అది కూడా. చివర్లో రెప్పపాటు ఆగి అవతల లేస్తుంది."

"తెగితే?"

ఆమె తెర వైపు తిరిగింది. తెగితే మీ అబ్బాయి జీవితాంతం చెబుతాడు అనుకుంది మనసులో.

అత్తగారు పక్క ఊళ్ళో ఉన్న తన పాత నేస్తానికి ఫోన్ చేసింది. ఒకే బోర్డు మీద పనిచేసినవాళ్ళు. గొంతు ఖంగుమంటుందని గంట అనేవారట. గంట ఎత్తీ ఎత్తగానే మోకాళ్ళ నొప్పితో మొదలుపెట్టింది. ఈ మూలకి కూడా స్పష్టంగా వినబడుతోంది. ఆమె తెర మీద మీట నొక్కింది. పది శాతం. గంట కొత్త తైలం గురించి చెబుతోంది. నలభై. మెట్లెక్కడం మానేశానంటోంది. డెబ్భై ఎనిమిది. అత్తగారు రిసీవరుని రెండు చేతులతో పట్టుకుంది, తాడు పట్టుకున్నట్టు. తొంభై ఆరు. తెర మీద మెషీన్ పేరు పాత పెట్టె కింద మాయమై కొత్త పెట్టె కింద వెలిగింది.

"...కోడలేమో నడవండి నడవండి అంటుంది, నా మోకాలు దానికుంటే తెలిసేది!" అంది గంట, ఒక్క అక్షరం పోకుండా.

అత్తగారి నోరు తెరుచుకునే ఉంది. రిసీవరు మీద చెయ్యి అడ్డంపెట్టి, "అయిపోయిందా?" అంది గుసగుసగా.

"అయిపోయింది."

"మాట తెగలేదే!"

"తెగలేదు అత్తయ్యా."

"ఆ పిల్ల మాట కూడా తెగకపోయేదన్నమాట" అంది ముసలామె. కళ్ళనిండా నీళ్ళు, మొహంనిండా ఆశ్చర్యం. గుడిలో గర్భాలయం తలుపులు తెరిచినప్పుడు కూడా ఆ మొహంలో అంత వెలుగు ఆమె ఎప్పుడూ చూడలేదు. తను ఆఫీసులో ఈ పని వందసార్లు చేసి ఉంటుంది. పక్కన కూర్చుని ఇలా చూసినవాళ్ళు ఒక్కరూ లేరు. ఒకరు చూస్తుంటే తెలిసింది, తను ఇంత పెద్ద పని చేయగలదని.

తర్వాత ఎక్స్‌రేలది, ఆ తర్వాత వేళలది. ముందుగదిలో డ్రిల్లు ఒక్కసారీ ఆగలేదు. డిస్కు మార్చడానికి పాత పెట్టె మీట నొక్కితే ఆరేళ్ళ రొద తగ్గి, తగ్గి, ఆగింది. ఆ నిశ్శబ్దంలో ఇద్దరూ ఒకరి చెయ్యి ఒకరు పట్టుకుని, పచ్చదీపాలని చూస్తూ కూర్చున్నారు. పొయ్యి మీద పప్పు మాడింది.

"వాసనేంటి?" అంటూ వచ్చాడు డాక్టరు భోజనానికి. "ఉదయమంతా ఏం చేశావు?"

"సర్వరు మార్చాను. క్లినిక్కు మొత్తం ఇప్పుడు కొత్తవాటి మీద నడుస్తోంది."

"ఇవాళా? పేషెంట్లుండగానా?" అతను ఫోన్ ఎత్తి చూశాడు. పనిచేస్తోంది. ముందుగదిలోకెళ్ళి ఎక్స్‌రే తెరిచి చూశాడు. వచ్చి కూర్చున్నాడు. "నాకేం తేడా తెలియలేదే. ఇంతకీ ఏం చేసినట్టు?"

"అదేరా చేసింది" అంది తల్లి. "నీకు తేడా తెలియకుండా చేసింది. ఈ తొమ్మిదేళ్ళూ చేసింది కూడా అదే."

అతను నవ్వబోయి, తల్లి నవ్వడంలేదని చూసి ఆగాడు. ఆమె మాడిన పప్పు గిన్నె బల్ల మీద పెట్టి, తనూ కుర్చీ లాక్కుని అతనికి ఎదురుగా కూర్చుంది. మాటలు వెతుక్కోనక్కర్లేకపోయింది.

"వచ్చే నెల నుంచి నేను ఉద్యోగానికి వెళ్తానండీ. ఎక్కడో ఇంకా తెలియదు. ఇవాళే వెతకడం మొదలుపెడతాను."

"మరి ఇక్కడ ఈ పెట్టెలు? ఏదైనా ఆగితే?"

ఆమె నోరు తెరిచేలోపే అత్తగారు కంచం ముందునుంచి లేచింది. చెయ్యి కడుక్కుని, స్టూలు సరిపోదని తన పేము కుర్చీని బరబరా ఈడ్చుకుంటూ మెట్లకింద గదివైపు నడిచింది.

"ఏ దీపం దేనిదో రాసిచ్చి వెళ్ళవే అమ్మాయ్" అంది వెనక్కి చూడకుండా. "బోర్డు నేను చూసుకుంటాను."