తొమాసి వెయ్యని ఓటు

పెదవేగిలో పామాయిల్ సాగు నేర్చుకోవడానికి మూడు నెలల శిక్షణ మీద వచ్చాడు తొమాసి. పసిఫిక్ సముద్రంలో ఒక చిన్న దీవుల దేశం వాళ్లది. ఏలూరులో మిక్సీలు, ఫ్యాన్లు బాగుచేసే లాల్ బాషా ఇంటి మేడగదిలో అద్దెకుంటూ రోజూ బస్సులో వెళ్లివచ్చేవాడు. అతని ఇంగ్లీషును తండ్రికి తెలుగులో చెప్పేది డిగ్రీ చదివే కూతురు హుమా.

ఆ దీవుల దేశంలో పార్లమెంటు ఎన్నికలు వచ్చాయి. తొమాసి అక్క లోసా పోటీలో ఉంది. వాళ్ల నియోజకవర్గం అంటే మూడు దీవులు, పదకొండు వందల ఓట్లు.

"అంతేనా అండీ? మా డివిజన్ కార్పొరేటర్‌కే అంతకంటే ఎక్కువ పడతాయండీ!" అన్నాడు లాల్ బాషా. "ఇంతకీ మీ అక్కగారిది ఏ పార్టీ?"

"పార్టీలు లేవంట నాన్నా. గెలిచినవాళ్లంతా కూర్చుని ప్రధానిని ఎన్నుకుంటారంట."

"మరి ప్రతిపక్షం?"

"మిగిలినవాళ్లంట."

లాల్ బాషాకు బుర్ర తిరిగింది. అయినా లెక్కింపు రోజున కొట్టు కట్టేసి ఇంట్లోనే కూర్చున్నాడు.

ఉదయం మేనమామ దగ్గర్నుంచి మెసేజ్ వచ్చింది. లోసా నాలుగు ఓట్ల తేడాతో గెలిచింది. హుమా తల్లి హమీదా సేమ్యా పాయసం పొయ్యి మీద పెట్టింది. అది మరిగేలోపే రెండో మెసేజ్. మూడో దీవి ఓట్ల పెట్టె పడవలో ఆలస్యంగా వచ్చింది, ఇద్దరికీ సమానంగా ఓట్లు పడ్డాయి. మళ్లీ లెక్కపెట్టినా అంతే. రేపు పేర్లు రాసి చీటీ తీస్తారు.

"ఇప్పుడు పాయసం దించాలా, ఉంచాలా?" అని వంటింట్లోంచి అడిగింది హమీదా.

తొమాసి ముఖం పాలిపోయింది. లాల్ బాషా అతని పక్కకి జరిగాడు.

"అయ్యో, మీరక్కడుంటే ఆ ఒక్క ఓటూ పడేదండీ. అక్కగారు గెలిచేవారు."

హుమా ఆ మాట చెప్పింది. తొమాసి నేల చూస్తూ మెల్లగా ఏదో అన్నాడు. హుమా వెంటనే తెలుగు చేయలేదు.

"ఏమంటున్నారమ్మా?"

"అక్కకి వేసేవాణ్ణో లేదో తెలీదంటున్నారు నాన్నా. అవతలి మనిషి వాళ్ల దీవిలో పామాయిల్ వేయిస్తానన్నాడంట. వద్దని అక్క నిలబడిందంట. అది వస్తేనే ఈయనకి ఉద్యోగమంట."



మర్నాడు పొద్దున రేకు డబ్బాలోంచి తీసిన చీటీలో అవతలి అభ్యర్థి పేరు వచ్చింది. మెసేజ్ చదివి తొమాసి ముందు గట్టిగా ఊపిరి వదిలాడు. వెంటనే కళ్లలో నీళ్లు తిరిగాయి. రెండింటిలో ఏది నిజమో అతనికే అర్థం కాలేదు.

కాసేపటికి లోసాయే ఫోన్ చేసింది. హుమా అక్కడే ఉంది.

"నువ్వుంటే నాకు వేసేవాడివా?" అని అడిగింది లోసా.

"తెలియదక్కా."



"ఒక పామాయిల్ చెట్టు రోజుకి ఎన్ని నీళ్లు తాగుతుంది?" అని అడిగింది లోసా.

"ఇక్కడ ఎండాకాలంలో రెండు వందల లీటర్లు పెడుతున్నారు."

"మన దీవికున్నది ఒక్క బావి."

"అక్కడ వానలెక్కువ కదా. అన్ని పెట్టక్కర్లేదేమో."

"ఏమో అంటే కుదరదు. పూర్తిగా తెలుసుకునిరా. వచ్చాక నాకు కాదు, సభ పెట్టి అందరి ముందూ చెప్పు. గెలిచినవాడి ముందు కూడా."

"అలా చెబితే నా ఉద్యోగం?"

"అది నాకూ తెలియదు," అంది లోసా. ఆమె గొంతులో కోపం లేదు. అదే అతన్ని ఎక్కువ బాధపెట్టింది.

ఫోన్ పెట్టేశాక లాల్ బాషా గుమ్మం దగ్గర నిలబడి, ముఖం ఎలా పెట్టాలో తెలియక తటపటాయించాడు.

"ఏవండీ, ఏమనుకోకండి. నేనిప్పుడు సంతోషించాలా, బాధపడాలా?"

హుమా అడిగింది. తొమాసి పుస్తకాల సంచి భుజానికి తగిలించుకుని, నీళ్ల లెక్క ఇంకా పూర్తిగా తెలుసుకోవాలి, పెదవేగి బస్సుకి టైమైందని లేచాడు.